బండి ఒకరిది, తోలేది ఇంకొకరు: వాహన యజమాని బాధ్యత

వేరేవాళ్లు తోలినప్పుడు జరిగిన ప్రతి తప్పుకూ యజమానే దోషి అని 1988 నాటి మోటారు వాహనాల చట్టం అనలేదు. కొన్ని తప్పుల్లో మాత్రం అతణ్ణి వదిలిపెట్టదు. అనంతపురం లాంటి కరువు సీమలో ఈ తేడా తెలిసి ఉండటం అవసరం. బెంగళూరుకు పనికి పోయినవాడి బైకు ఊళ్లో తమ్ముడి చేతిలో ఉంటుంది. తాడిపత్రి నాపబండల లారీ ఒకరిది, స్టీరింగు ఇంకొకరిది. ఆటో ఫైనాన్సులో ఉంటే చట్టం లెక్కలో యజమాని అప్పిచ్చిన కంపెనీ కాదు, ఒప్పందం మీద బండిని దగ్గరుంచుకున్నవాడే.

కెమెరాకు దొరికేది నంబరు ప్లేటు. అందుకే చలానా ఆర్సీలో పేరున్నవారికే పోతుంది. తోలింది ఎవరో పోలీసులు అడిగితే 133వ సెక్షన్ కింద యజమాని డ్రైవరు పేరు, చిరునామా చెప్పి తీరాలి. చెప్పకపోవడమే వేరే నేరం. బ్రిటన్‌లోనూ ఇదే పద్ధతి. జర్మనీలో అతివేగం లాంటి కేసుల్లో తోలినవాణ్ణి గుర్తుపడితేనే జరిమానా.

లైసెన్సు లేనివాడికి తాళాలిస్తే తప్పు నేరుగా యజమానిదే: 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మైనరు నేరం చేస్తే శిక్ష ఇంకా గట్టిది. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ సంరక్షకుణ్ణి లేదా యజమానిని దోషిగా భావిస్తుంది: 3 ఏళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, 12 నెలలు రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. తనకు తెలియకుండా జరిగిందని, లేదా తగిన జాగ్రత్త తీసుకున్నానని రుజువు చేసుకుంటేనే పెద్దవాళ్లు బయటపడతారు.

లారీ అధిక లోడుతో దొరికితే, అది యజమానికి తెలిసో అతను చెప్పబట్టో జరిగిందని కోర్టు అనుకోవచ్చు. జరిమానా 20,000, పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. మనుషుల్ని కుక్కితే మాత్రం తలకు 200! అంత తక్కువకు భయపడేదెవరు? 2024 నవంబరులో గార్లదిన్నె మండలంలో ఆర్టీసీ బస్సు ఢీకొన్న ఆటోలో ఉన్నది ఎల్లుట్ల నుంచి తోట పనికి వచ్చిన కూలీలు, పదిమందికి పైగా.

ప్రమాద పరిహారం సంగతి వేరు. చేతులు మారిన ఒక కారు కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని అని తేల్చింది. అందుకే బండి అమ్మిన మనిషి, కొన్నవాడు అదే రాష్ట్రంవాడైతే 14 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలపాలి. దానికి ఫారం 29 ఉంది.