క నెత్తిన గీత

మొన్న కూచిపూడిలో మా అక్క కూతురితో పలక మీద ‘క’ దిద్దిస్తున్నా. "మామయ్యా, నెత్తిన ఆ టిక్కెందుకు?" అంది. బళ్లో అడిగితే నోర్మూసుకుని దిద్దమన్నారట!

జవాబు కృష్ణ అవతలి ఒడ్డున, భట్టిప్రోలులో ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి బౌద్ధ స్తూపం తవ్వితే అక్షరాలు చెక్కిన రాతి భరిణెలు దొరికాయి. రెండు వేల ఏళ్లు దాటినవి. మామూలు బ్రాహ్మీలో ఉత్త గుర్తు రాస్తే చాలు, ‘క’ అని చదవాలి. భట్టిప్రోలులో అలా కాదు. ఉత్త గుర్తు ‘క్’ మాత్రమే, అడ్డగీత చేరిస్తేనే ‘క’. అదే గీత మిగతాచోట్ల ‘కా’! మన తలకట్టు దాన్నుంచే పుట్టిందని నేననను. ఆలోచన మాత్రం అదే.

తలకట్టు చెరిపి, పొల్లు పెట్టి, "క్" అన్నా. పిల్ల బలపం లాక్కుంది. పొల్లు తుడిచి, టిక్కు పెట్టి, "క!" అని అరిచింది.