సగటు చెప్పని సాక్ష్యము

ఒక సంస్థలో ఇందరు ఉద్యోగులు ఆత్మహత్య చేసికొనిరను వార్త విన్నపుడు మన మనస్సు కలత చెందును. ఆ సంఖ్య ఎక్కువా, తక్కువా అను ప్రశ్న పిమ్మట పుట్టును. ఫ్రాన్సు దేశమున ఈ ప్రశ్నపై గొప్ప వాదము నడచెను.

ఆ దేశమునకు ఇట్టి లెక్కలు క్రొత్తవి కావు. ఎమిల్ దుర్ఖైమ్ అను సమాజశాస్త్రజ్ఞుడు 1897లో ఆత్మహత్యలపై గ్రంథము వెలువరించి, అంతటి సొంత బాధయందు సైతము సంఘమునకు పాత్ర కలదని గణాంకములతో వాదించెను.

నూఱేండ్లు దాటిన పిదప ఫ్రాన్స్ టెలికాం సంస్థ 22,000 ఉద్యోగములను తగ్గింప నిశ్చయించెను. సిబ్బందిలో పెక్కురు ప్రభుత్వోద్యోగులుగా చేరినవారగుటచే వారిని తొలగింప వీలులేదు. తమంత తాము విడిచిపోవునట్లు బదిలీలతోను, పని మార్పులతోను వారిపై ఒత్తిడి తెచ్చిరి. 2008, 2009లలో 35 మంది ప్రాణములు తీసికొనిరి.

2009 అక్టోబరులో రెనే పాద్యూ అను గణాంకవేత్త ఒక లెక్క వేసెను. అప్పటికి 19 నెలలలో 24 మరణములు; అనగా ఏడాదికి 15. సిబ్బంది సుమారు లక్ష. దేశమున పనిచేయు వయస్సువారిలో లక్షకు 19.6 మంది. కావున అచ్చట ఆత్మహత్యలు తక్కువే యని ఆయన తేల్చెను.

భాగహారము సరియైనదే. ఎందరు మరణించిరి అనుటతో చాలదు, ఎందరిలో అని అడుగవలెను. కాని దేశపు సగటులో నిరుద్యోగులు, దీర్ఘరోగులు కూడ చేరియుందురు. వారిలో ఇట్టి మరణములు హెచ్చు. ఉద్యోగులలో ఆ సంఖ్య తగ్గియుండుట సహజము. అది సంస్థ నిర్దోషిత్వమునకు సాక్ష్యము కాజాలదు.

పారిస్ న్యాయస్థానము సగటును ఆధారము చేసికొనలేదు. 39 మంది ఉద్యోగుల గాథలను ఒక్కొక్కటిగా పరిశీలించెను. వారిలో 19 మంది మరణించినవారు. 2019 డిసెంబరు 20న సంస్థను, దాని మాజీ అధిపతి దిదియె లొంబార్‌ను దోషులుగా నిర్ణయించి, సంస్థకు 75,000 యూరోల జరిమానా విధించెను. లొంబార్‌పై నేరనిర్ణయమును అత్యున్నత న్యాయస్థానము 2025 జనవరిలో స్థిరపఱచెను.

గణాంకవేత్త లెక్కయు, న్యాయమూర్తుల తీర్పును పరస్పర విరుద్ధములని మేము తలంపము. ఎందరిలో ఎందరు అనునది ఒక ప్రశ్న; వారి నేమి చేసిరి అనునది మఱియొకటి. మొదటిదానికి భాగహారము చాలును. రెండవదానికి ఆ మనుష్యుల మాట వినవలెను. ఇట్టి వార్త ఇకముందు చెవిని పడినపుడు శ్రోతలు ఈ రెండు ప్రశ్నలను అడుగుదురుగాక.