హోసూరు–కృష్ణగిరి సీమలో పొయ్యికి, దీపమునకు, ఇంటికప్పునకు ప్రభుత్వ సహాయము

దక్షిణ పినాకినీనది మైసూరు పీఠభూమినుండి దిగి తమిళదేశమున ప్రవేశించుచోట హోసూరు, కృష్ణగిరి సీమలు కలవు. హోసూరు సముద్రమట్టమునకు దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉన్నది. పాత సేలము జిల్లా వ్రాతలు దీనిని బాలాఘాటు అనియు, దిగువనున్న కృష్ణగిరి ప్రాంతమును బారామహలు అనియు పేర్కొనుచున్నవి. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలును, 1799లో టిప్పు సుల్తాను పతనానంతరము హోసూరును ఇంగ్లీషు కంపెనీ వశమైనవి. సేలము జిల్లాలోనుండిన ఈ తాలూకాలు 1965లో ధర్మపురి జిల్లాలోనికిని, 2004లో క్రొత్తగా ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలోనికిని వచ్చినవి. పాలనము ఇన్నిమార్లు మారినను, ఇండ్లలో తెలుగు, కన్నడము, తమిళము పక్కపక్కనే నిలిచినవి. ఇక్కడి తెలుగువారి భాషను గూర్చియు, బడులను గూర్చియు చర్చ తరచుగా జరుగుచుండును. అదే ఇండ్లలోని పొయ్యిని గూర్చి, దానికై సర్కారు ఎవరికెంత ఇచ్చినదను విషయమును గూర్చి జరిగిన విచారణ స్వల్పము.

ఇంటి ఇంధనవ్యయమును తగ్గించుటకు ప్రభుత్వము ధనమిచ్చు పద్ధతి పాశ్చాత్యదేశములలో 1973నాటి చమురు సంక్షోభము తరువాత బలపడినది. అమెరికాలో 1976నాటి చట్టముచే పేదల ఇండ్ల గోడలకు, కిటికీలకు చలి చొరకుండ కప్పుదలలు చేయించు పథకము వెలసినది. బ్రిటనులో 1978నాటి శాసనము ఇంటికప్పు క్రింద పరచు ఉష్ణరక్షక పదార్థమునకగు వ్యయములో మూడింట రెండువంతులు, 50 పౌనులకు మించకుండ, ఇచ్చుటకు ఏర్పాటు చేసినది. ఆ దేశములలో సమస్య వేడిని ఇంటిలోపల నిలుపుట. మన దేశములో మొదటి సమస్య పొగను ఇంటివెలుపలికి పంపుట. అందుచేత మనవారి గృహేంధన సహాయచరిత్ర గోడతో ఆరంభము కాలేదు, పొయ్యితో ఆరంభమైనది.

కంపెనీ కాలమునను, తరువాతి బ్రిటిషు పాలనమునను రైతునకు సర్కారు అప్పులు లేకపోలేదు. తక్కావి అను పేర బావులకు, గట్లకు ఋణమిచ్చు ఆచారమునకు 1883నాటి భూమి అభివృద్ధి ఋణముల చట్టము స్థిరరూప మిచ్చినది. పంట పండు నేలకు అప్పు దొరకెను గాని, వంట వండు గదికి దొరకలేదు. అంతకు ముందటి ఏడే, 1882లో, మదరాసు అటవీ చట్టము వచ్చినది. దెంకణికోట, తళి, అంచెట్టి ప్రాంతముల అడవులలో వంటచెరకు ఏరుకొనుట అంతవరకు ఊరివారి వాడుక. రక్షితారణ్యములు ఏర్పడిన పిమ్మట అది అనుమతితో ముడిపడిన వ్యవహారమయ్యెను. కట్టెలు దొరకనిచోట పిడకలు వచ్చును. పేడ పొలమునకు పోక పొయ్యికి పోవును. ఈ నష్టమును రెవిన్యూ లెక్కలు ఏ పద్దునందును చూపలేదు.

స్వాతంత్ర్యకాలమున ఈ విషయమునకు దృష్టి మరలినది. 1947లో వార్ధాలోని మగన్‌వాడిలో ‘మగన్ చూలా’ అను పొగలేని పొయ్యి రూపొందినది. పిమ్మట హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు అధ్యక్షుడైన ఎస్.పి. రాజు మరియొక పొయ్యిని రూపొందించి, లక్షలాది వంటిండ్లనుండి పొగను తొలగించు ఉపాయమును ఇంగ్లీషున పుస్తకముగా వ్రాసిరి. ఆ పుస్తకము మదరాసులో అచ్చయినది. ఆ పొయ్యిని మట్టితోనే కట్టవచ్చును. ఒకే మంటపై వరుసగా కుండలు నిలుచును, మిగిలిన వేడి చివరికుండలోని నీటిని కాచును, పొగ గొట్టముగుండ కప్పుపైకి పోవును. తెలుగునేలపై పుట్టిన ఈ యుక్తి దేశమంతట ప్రసిద్ధి చెందినది. 1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజవికాస పథకములలో గ్రామసేవికలు నేర్పిన పనులలో పొగలేని పొయ్యి యొకటి. అప్పటికిది గ్రాంటు అనదగినది కాదు. సర్కారు ఇచ్చినది బోధనయే, మట్టియు శ్రమయు ఇంటివారివే.

ఈ సీమలో ముఖ్యాహారము రాగి. సంగటి వండు స్త్రీ ఉడుకుచున్న పిండిని తెడ్డుతో బలముగా కెలకవలెను. అపుడు కుండ కదలరాదు, మంట తగ్గరాదు. కుండ నోరును, పొయ్యి కన్నును సరిపడకున్నచో పొగయు వెలుపలికే వచ్చును. పరిశోధనశాలలో నీరుకాచి లెక్కించిన ఫలితము సంగటికుండ క్రింద నిలువదు. పొయ్యిని పరీక్షించినవారు సంగటి కెలకి చూచియుండిన, కొలతలు వేరుగా ఉండెడివి.

అసలైన ఆర్థికసహాయము 1983లో ఆరంభమైన జాతీయ మెరుగుపొయ్యిల కార్యక్రమముతో వచ్చినది. పొయ్యి వెలలో పెద్దభాగమును ప్రభుత్వము భరించెను. కట్టువారికి కూలి యిచ్చి, తర్ఫీదు చేయించెను. 2002లో కేంద్రప్రభుత్వము దీనినుండి తొలగునప్పటికి దేశమున మూడు కోట్లకు పైగా పొయ్యిలు లెక్కకెక్కినవి. లెక్కకెక్కినవి అనుటయే తగును. మట్టిపొయ్యి రెండుమూడేండ్లకు బీటలు వారును. గొట్టమునందు మసి పేరుకొనును. దానిని దులపకున్న పొగ వెనుకకు తిరుగును. పొయ్యి నెలకొల్పుటకు పద్దు ఉండెను, మరమ్మతునకు లేకుండెను. గొట్టము మూసికొనిపోయిన ఇంటి ఇల్లాలు దానిని తీసివేసి మూడురాళ్ల పొయ్యికి మరలినచో, ఆమె మూఢురాలని నివేదికలు వ్రాయుట న్యాయము కాదు. ఆమె తన ముక్కుతో పరీక్షించి నిర్ణయించినది.

అదేకాలమున, 1981–82లో, జాతీయ బయోగ్యాసు పథకము వచ్చినది. గోబరుగ్యాసు అని ఊళ్లలో పేరు పొందినది ఇదియే. దీనికి పూర్వము ఖాదీ గ్రామోద్యోగ సంఘము ఇనుపడ్రమ్ము తేలియాడు తరహా తొట్లను ప్రచారము చేసినది. 1984లో వచ్చిన ‘దీనబంధు’ తరహా ఇటుకగుమ్మటముతో నిర్మితమై ఖర్చును తగ్గించినది. పశుసంపదకు పేరుగన్న ఈ సీమకు ఇది తగిన పథకమే. ఆలంబాడి జాతి ఎద్దులు ఈ కొండలలో పుట్టినవి. హోసూరు పశుక్షేత్రము కంపెనీ నాటినుండి ఉన్నది. అయితే రెండు ఘనమీటర్ల తొట్టికి దినమునకు సుమారు 50 కిలోల పేడ కావలెను. అనగా నాలుగైదు పశువులుండవలెను. పేడతో సమానముగా నీరు కలుపవలెను. తొట్టి త్రవ్వుటకు పెరడుండవలెను. నాలుగు పశువులు, పెరడు, బావి ఉన్న రైతునకు గ్రాంటు అందెను. రెండు మేకలున్న కూలివాని భార్య కట్టెలకై మునుపటివలెనే గుట్టకు పోయెను. అంతకుముందు ఊరిలో దొడ్లవెంట ఏరుకొనవచ్చిన పేడ ఇపుడు తొట్టికి పోవుటచే ఆమెకు పిడకలును తగ్గినవి. ఒకరికిచ్చిన సహాయము మరియొకరి ఇంధనమును హరించు విధమిది. పథకకర్తలు దీనిని ఊహించినట్లు కానరాదు.

దీపముకథ కొంత సులభమైనది. 1932లో పైకారాయు, 1937లో మెట్టూరును విద్యుత్తు నిచ్చుటతో మదరాసు రాజధానిలోని దక్షిణ జిల్లాలకు దీపము వచ్చినది. 1957లో మదరాసు విద్యుత్‌బోర్డు ఏర్పడిన పిమ్మట పల్లెలకు తీగలు వేగముగా సాగినవి. గుడిసెకు మాత్రము ఆ వెలుగు ఆలస్యముగా చేరినది. 1988–89లో కేంద్రము ‘కుటీరజ్యోతి’ పేర పేదయింటికి ఒక దీపమునకగు తీగపనిని, కనెక్షను ఖర్చును భరించెను. తమిళనాడులో గుడిసెదీపము మొదట 40 వాట్ల బల్బునకు పరిమితమై యుండెను. ఎల్.ఇ.డి. బల్బు వచ్చుటతో ఈ లెక్కయే తారుమారైనది. 9 వాట్లతో అది పాత 40 వాట్ల బల్బుకన్న అధికమైన వెలుతురు నిచ్చును. 2015లో ఆరంభమైన ‘ఉజాలా’ పథకమున ప్రభుత్వసంస్థ గుత్తగా కొనుటచే, 2014లో 310 రూపాయలుండిన బల్బు కొనుగోలు ధర 2016నాటికి 38 రూపాయలకు దిగినది. ఇక్కడ సబ్సిడీ లేదు, కొనుగోలు బలము మాత్రమే కలదు. గృహమునకు మేలు చేసిన ప్రభుత్వకార్యములలో మిక్కిలి చౌకయైనది ఇదే కావచ్చును. పెరడు, పశువులు, పట్టా అక్కరలేక ఎవరైనను కొనుక్కొనగలిగిన వస్తువు ఇది.

వంటగ్యాసు విషయమున తమిళనాడు ప్రభుత్వము 2007లో పేదకుటుంబములకు ఉచితముగా పొయ్యిని, కనెక్షనును ఇచ్చుట ఆరంభించినది. 2016 మే 1న ఉత్తరప్రదేశములోని బలియాలో కేంద్రము ‘ఉజ్జ్వల’ పథకమును ప్రారంభించి, ఒక్కొక్క కనెక్షనునకు 1,600 రూపాయల సహాయమును స్త్రీ పేరనే మంజూరు చేసెను. ఇది స్వల్పమైన మార్పు కాదు. అదివరకు పొయ్యికి వచ్చిన సహాయము ఇంటి యజమానుని చేతికిని, తొట్టికి వచ్చినది పశువుల యజమానుని చేతికిని పోయెను. పొగ త్రాగినది మాత్రము స్త్రీ. అయినను గ్యాసునందు ఖర్చు కనెక్షనుతో తీరదు, సిలిండరుతో మరల మరల వచ్చును. 2015నుండి సబ్సిడీ నేరుగా బ్యాంకుఖాతాలోనికి పోవుచుండుటచే, ముందు పూర్తివెల చెల్లించి తరువాత కొంత పొందవలసి వచ్చెను. దినకూలితో గడుపు ఇంటికి ఈ ‘ముందు’ అనునదే అడ్డు. 2023 అక్టోబరులో ఉజ్జ్వల కుటుంబములకు సిలిండరుకు 300 రూపాయలుగా సహాయము పెరిగినది. హోసూరు చలిలో స్నానపునీరు కాచుటకు గ్యాసు వాడుట దుబారా యని తలచు ఇండ్లు కలవు. వంట లోపల గ్యాసుపై జరుగగా, పెరటిలో హండా క్రింద కట్టెలు మండుచునే యుండును.

ఇక ఇంటికప్పు. కృష్ణగిరి గ్రానైటునకు పుట్టినిల్లు. రాతిబండలు పరచిన కప్పులు, మట్టిమిద్దెలు, నాటుపెంకులు, బోదపూరి ఇక్కడి వాడుక. బండ పగలంతయు కాగి, రాత్రి ఆ వేడిని విడుచును. హోసూరున ఇది సుఖము, కృష్ణగిరిలో వేసవియందు బాధ. 2010లో తమిళనాడు ప్రభుత్వము గుడిసెల స్థానమున కాంక్రీటు ఇండ్లు కట్టించు పథకమును చేపట్టెను. 2011లో వచ్చిన ప్రభుత్వము సౌరశక్తితో కూడిన ‘పచ్చయిండ్ల’ పథకమును ప్రకటించినది. 300 చదరపు అడుగుల ఇల్లు, 1,80,000 రూపాయల వ్యయము, ఐదు సౌరదీపములు. సంవత్సరమునకు 60,000 చొప్పున ఐదేండ్లలో మూడు లక్షల ఇండ్లు అని లక్ష్యము. ఇల్లు కట్టునపుడే దీపమునకు సూర్యుని లెక్కలోనికి తెచ్చిన ఈ భావన ప్రశంసింపదగినది. అయితే 300 అడుగుల స్థలమునకు పట్టా ఉన్నవారికే అది వర్తించెను. పైకప్పు కాంక్రీటుదే గనుక వేడికి పరిష్కారమును కాలేదు. నివాసగృహముల గోడలు, కప్పులు వేడిని ఎంత రానీయవలెనో చెప్పు జాతీయ నియమావళి 2018లో వచ్చినది. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. కప్పుపై సున్నము పూయు పాత ఆచారమునకు ఇది శాస్త్రీయమైన వారసురాలు.

కప్పుపై సౌరఫలకములకు సహాయము నేటి అధ్యాయము. 2010లో వెలసిన జాతీయ సౌరమిషను నీళ్లుకాచు సౌరయంత్రములకు 30 శాతము వరకు సబ్సిడీ ఇచ్చెను. స్నానపు హండాకు సరియైన ప్రతిక్రియ అదే. ఆ సబ్సిడీ 2014లో నిలిచిపోయినది. 2024లో కేంద్రము ‘సూర్యఘర్’ పథకముచే ఒక కిలోవాటుకు 30,000, రెంటికి 60,000, మూడింటికి 78,000 రూపాయల సహాయమును నిర్ణయించి, కోటి ఇండ్లను లక్ష్యముగా పెట్టుకొన్నది. హోసూరున చిక్కు వేరుగా ఉన్నది. 1970 దశకమునుండి సిప్కాట్ పారిశ్రామికవాడ పెరుగుటతో, 2019లో నగరపాలకసంస్థగా మారిన ఈ ఊరిలో అద్దెయిండ్ల వరుసలు బలిసినవి. అద్దెకున్న కార్మికునకు కరెంటు బిల్లు ఉన్నది, కప్పు లేదు. ఇంటి యజమానికి కప్పు ఉన్నది, ఆ బిల్లు లేదు. ఎవరికిని ఫలకము పెట్టు ఆసక్తి కలుగదు. పైగా 2016 మేనుండి తమిళనాడులో రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితము. తక్కువగా వాడు ఇంటికి ఆదా చేసిన యూనిటు వలన లాభము కానరాదు. ఉచితవిద్యుత్తు పేదవానికి మేలు చేసినదనుట నిజమే. కాని ఒక ప్రభుత్వపు కానుక మరియొక ప్రభుత్వపు గ్రాంటును పనికిరానిదానిగా చేయుటయు నిజమే.

కృష్ణగిరికి ఈశాన్యమున, సరిహద్దు దాటిన కుప్పముప్రాంతమున, అదే తెలుగు, అదే రాగిసంగటి, అవే రాతిబండల కప్పులు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎస్.సి., ఎస్.టి. కుటుంబములకు రెండు కిలోవాట్ల వరకు సౌరఫలకములను ఉచితముగా అమర్చుటకును, బి.సి. కుటుంబములకు కేంద్రసహాయముపై మరికొంత కలుపుటకును పూనుకొన్నది. బంధుత్వములు ఈ సరిహద్దునకు ఇరువైపుల వ్యాపించియున్నవి. పండుగకు వచ్చిన అక్క తన కప్పుపైని ఫలకములను గూర్చి చెప్పగా, హోసూరు అద్దెయింటి చెల్లెలు తలయెత్తి చూచునది ఇంటియజమానుని కప్పును, దానిపైని నీళ్లతొట్టిని.