ఇంటి కంప్యూటర్‌కు ఏ ఆపరేటింగ్ సిస్టం? జంషెడ్‌పూర్ తెలుగు కుటుంబాలకు ఒక మార్గదర్శి

విండోస్ 10 ఆపరేటింగ్ సిస్టంకు మైక్రోసాఫ్ట్ సంస్థ అందిస్తూ వచ్చిన సాధారణ భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. ఆ రోజున ఏ ఇంట్లోనూ కంప్యూటర్ ఆగిపోలేదు. మరునాడు కూడా అదే తెర వెలిగింది, అవే ఫైళ్ళు తెరుచుకున్నాయి. మార్పు కంటికి కనిపించనిది కావడంతో చాలా కుటుంబాలు దానిని గమనించలేదు. అయినా ఆ తేదీ ప్రతి పాత కంప్యూటర్ యజమాని ముందు ఒక ప్రశ్న ఉంచింది. కొత్త యంత్రం కొనాలా, ఉన్నదానినే మరో ఆపరేటింగ్ సిస్టంతో కొనసాగించాలా?

ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్ళి, తరాలుగా జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న మరికొంత క్లిష్టమైనది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ ప్రవాస జీవితానికి ఒక గుర్తు. అటువంటి ఇంటి కంప్యూటర్ మూడు లిపులలో పనిచేయాలి. కార్యాలయ దరఖాస్తుకు హిందీ, బ్యాంకు వ్యవహారానికి ఇంగ్లీషు, శుభలేఖకూ సంఘం ప్రకటనకూ తెలుగు కావాలి. పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ దూర నగరాలకు వెళ్ళిన ఇళ్ళలో ఆ యంత్రాన్ని వాడేది చాలా సందర్భాలలో విశ్రాంత జీవనం గడుపుతున్న తల్లిదండ్రులే.

ఆపరేటింగ్ సిస్టం చేసే పని

కంప్యూటర్‌లోని ప్రాసెసర్, మెమరీ, డిస్క్, కీబోర్డు, ప్రింటర్ వంటి భాగాలను మన ప్రోగ్రాములతో అనుసంధానించే మూల సాఫ్ట్‌వేరే ఆపరేటింగ్ సిస్టం. బ్రౌజర్ తెరిచినా, ఉత్తరం టైపు చేసినా, ఫొటో ముద్రించినా ఆ పనులన్నీ దాని ద్వారానే జరుగుతాయి. గృహ వినియోగంలో ప్రధానంగా నాలుగు కనిపిస్తాయి. అవి మైక్రోసాఫ్ట్ వారి విండోస్, ఆపిల్ వారి మ్యాక్ ఓఎస్, గూగుల్ వారి క్రోమ్ ఓఎస్, ఏ ఒక్క సంస్థకూ సొంతం కాని లినక్స్. ఫిన్లాండ్ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్ కెర్నెల్ ఆధారంగా ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ వంటి అనేక రూపాలు వెలువడ్డాయి. చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు ఆధారం కూడా ఆ కెర్నెలే.

అప్‌డేట్లు ఆగితే ఏమవుతుంది?

ప్రతి ఆపరేటింగ్ సిస్టంలోనూ లోపాలు బయటపడుతూనే ఉంటాయి. తయారీదారులు వాటిని సరిచేసి అప్‌డేట్ల రూపంలో పంపుతారు. అవి ఆగిన తరువాత బయటపడిన లోపం అలాగే ఉండిపోతుంది. దాని పర్యవసానాన్ని 2017 మే నెలలో వనాక్రై దాడి ప్రపంచానికి చూపింది. ఆ దాడి ఉపయోగించుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే దిద్దుబాటు విడుదల చేసింది. దానిని అమర్చుకోని యంత్రాలలో ఫైళ్ళకు తాళం పడింది, విడుదలకు డబ్బు చెల్లించాలన్న డిమాండు తెరపై కనిపించింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల సేవలకు సైతం అంతరాయం కలిగింది.

అప్‌డేట్లు లేని కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపకుండా పాత ఫొటోలు చూడడానికి, పాటలు వినడానికి వాడుకోవచ్చు. బ్యాంకు ఖాతా తెరవడానికి, పింఛను వివరాలు నమోదు చేయడానికి మాత్రం అది తగదు.

ముందుగా యంత్రాన్ని పరిశీలించాలి

విండోస్ 10 వాడుతున్నవారు మొదట తెలుసుకోవలసినది తమ యంత్రం విండోస్ 11కు అర్హమైనదా కాదా అన్న విషయం. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, సెక్యూర్ బూట్ సదుపాయం, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, ఆమోదిత జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా ఎనిమిదవ తరం, ఆ తరువాతివి ఈ జాబితాలో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రాము ఈ అర్హతను చెబుతుంది. కొన్ని యంత్రాలలో టీపీఎం ఉన్నప్పటికీ బయోస్ అమరికలలో అది నిలిపివేసి ఉంటుంది. అందువల్ల 'అర్హత లేదు' అన్న సందేశం చూసిన వెంటనే కొత్త కంప్యూటర్ కొనవలసిన అవసరం లేదు. తెలిసినవారి చేత ఆ అమరికను ఒకసారి చూపించుకోవడం మంచిది.

అర్హత ఉంటే విండోస్ 10 నుంచి 11కు మారడం ఉచితం. అర్హత లేనివారి కోసం మైక్రోసాఫ్ట్ పొడిగింపు భద్రతా అప్‌డేట్ల పథకాన్ని ప్రకటించింది. దీని ప్రకారం వ్యక్తిగత వినియోగదారులకు 2026 అక్టోబర్ 13 వరకు అప్‌డేట్లు అందుతాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదై, కంప్యూటర్ అమరికలను ఆ ఖాతాలో భద్రపరచుకునేవారికి రుసుము లేదు. ఇది శాశ్వత పరిష్కారం కాదు. నిర్ణయం తీసుకోవడానికి లభించిన వ్యవధిగానే దీనిని భావించాలి.

లైసెన్సు లేని విండోస్‌ను 'క్రాక్' చేసి అమర్చే పద్ధతి ఈ సందర్భంలో ప్రమాదకరం. అటువంటి ప్రోగ్రాములు నడవడానికి తరచూ యాంటీవైరస్‌ను నిలిపివేయమంటాయి. భద్రత కోసం చేసే మార్పు ఆ భద్రతనే తొలగించడంతో మొదలవుతుంది.

పాత యంత్రానికి లినక్స్

విండోస్ 11కు అర్హత లేని యంత్రాలు చాలావరకు లినక్స్‌తో చక్కగా పనిచేస్తాయి. లినక్స్ మింట్ 22కు కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి, 4 జీబీ ఉంటే సౌకర్యంగా ఉంటుంది. 2024లో విడుదలైన ఈ రూపానికి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు లభిస్తాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో వెలువడిన ఉబుంటు 24.04కు కూడా 2029 వరకు సాధారణ మద్దతు ఉంది. రెండూ ఉచితమే. మింట్ తెర అడుగున మెనూ, గడియారం, తెరిచిన ప్రోగ్రాముల వరుస ఉంటాయి కనుక విండోస్‌కు అలవాటుపడినవారికి అది కొత్తగా తోచదు.

భారతదేశంలో లినక్స్ వాడకం కొత్త కాదు. ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007లో బాస్ పేరిట భారతీయ భాషలకు అనుకూలమైన లినక్స్‌ను విడుదల చేసింది. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటర్ విద్య ఏళ్ళ తరబడి లినక్స్ మీదనే సాగుతోంది. తెలుగు రాష్ట్రాలలో స్వేచ్ఛ అనే సంస్థ మెనూలు సైతం తెలుగులో కనిపించే లినక్స్ కోసం కృషి చేసింది.

లినక్స్‌కు పరిమితులూ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్, అడోబ్ పేజ్‌మేకర్, ట్యాలీ వంటివి అందులో నేరుగా నడవవు. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రే ఆఫీస్ సరిపోతుంది కాని, క్లిష్టమైన వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళ అమరిక కొన్నిసార్లు చెదరవచ్చు. కొన్ని పాత ప్రింటర్లకు, స్కానర్లకు లినక్స్ డ్రైవర్లు లేవు.

క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్, మ్యాక్

కంప్యూటర్ వాడకం బ్రౌజర్‌కే పరిమితమైన ఇంటికి గూగుల్ వారి క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ మరో మార్గం. ఇది కూడా ఉచితం. 4 జీబీ ర్యామ్, 16 జీబీ నిల్వ ఉన్న పాత యంత్రాలలోనూ నడుస్తుంది. అయితే ఇందులో ఆండ్రాయిడ్ యాప్‌లు పనిచేయవు. పని చాలావరకు ఇంటర్నెట్‌పై ఆధారపడి ఉంటుంది కనుక కనెక్షన్ నిలకడగా లేని ఇంటికి ఇది అనుకూలం కాదు.

మ్యాక్ ఓఎస్‌ను ఆపిల్ తన సొంత యంత్రాలకే ఇస్తుంది. కాబట్టి దానిని ఎంచుకోవడమంటే కొత్త కంప్యూటర్ కొనడమే. పాత మ్యాక్ తక్కువ ధరకు దొరుకుతోందని కొనేవారు అందులో ఏ ప్రాసెసర్ ఉందో చూడాలి. ఇంటెల్ ప్రాసెసర్ గల మ్యాక్‌లకు 2025లో వచ్చిన టాహో చివరి రూపమని ఆపిల్ ప్రకటించింది.

ఇంటి పనుల జాబితా

ఏది మేలైన ఆపరేటింగ్ సిస్టం అన్న చర్చకు ముందు, ఆ ఇంట్లో ఏడాది పొడవునా కంప్యూటర్‌పై జరిగే పనులను కాగితంపై రాసుకోవాలి. నిర్ణయంలో సగభాగం ఆ జాబితాలోనే తేలుతుంది.

పింఛనుదారులు జీవన్ ప్రమాణ్ ద్వారా సమర్పించే జీవన ధ్రువీకరణ పత్రాన్ని ఇప్పుడు ముఖ గుర్తింపు పద్ధతిలో ఆండ్రాయిడ్ ఫోను నుంచే పంపవచ్చు. దీనికి ఇంటి కంప్యూటర్‌లో ఏ వ్యవస్థ ఉందన్నది అప్రస్తుతం. వేలిముద్రల పరికరాన్ని కంప్యూటర్‌కు తగిలించి పంపే అలవాటు ఉన్నవారికి మాత్రం విండోస్ అవసరం కావచ్చు. ఆదాయపు పన్ను రిటర్నును ఇ-ఫైలింగ్ పోర్టల్‌లో నేరుగా నింపేవారికి బ్రౌజర్ చాలు. ఎక్సెల్ యుటిలిటీ వాడేవారికి మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ కావాలి. ట్యాలీలో లెక్కలు రాసే చిరువ్యాపారి ఇంటికి విండోస్‌ను వదలడం సులభం కాదు. వీడియో కాల్స్, బ్యాంకు వ్యవహారాలు, రైలు టికెట్లు, వార్తలు మాత్రమే చూసుకునే ఇంటికి లినక్స్ లోటు చేయదు.

తెలుగు రాత, పాత ఫైళ్ళు

తెలుగు చూపడంలో, రాయడంలో ప్రధాన వ్యవస్థల మధ్య నేడు పెద్ద అంతరం లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే స్థానం ఉంది. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచి లభిస్తోంది. లినక్స్‌లో ఇన్‌స్క్రిప్ట్ సిద్ధంగా ఉంటుంది. ఐబస్ ద్వారా ఆర్‌టీఎస్ పద్ధతిని కూడా జోడించుకోవచ్చు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆ పద్ధతి ప్రవాస తెలుగువారికి చిరపరిచితం. మ్యాక్‌లోనూ తెలుగు కీబోర్డు ఉంది. హిందీ, తెలుగు, ఇంగ్లీషు మధ్య మీటలతో మారే సదుపాయం వీటన్నిటిలోనూ ఉంది.

చిక్కు పాత ఫైళ్ళతోనే వస్తుంది. తెలుగు డీటీపీలో దీర్ఘకాలం రాజ్యమేలిన అను స్క్రిప్ట్ వంటి సాఫ్ట్‌వేర్లు యూనికోడ్‌కు భిన్నమైన ఫాంట్లతో పనిచేస్తాయి. అవి విండోస్ కోసం తయారైనవి. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. శుభలేఖలు, సంఘాల సావనీర్లు, సభ్యుల జాబితాలు, పెద్దలు రాసుకున్న కుటుంబ వృత్తాంతాలు అటువంటి ఫైళ్ళలో ఉండిపోయి ఉండవచ్చు. వ్యవస్థను మార్చడానికి ముందే, పాత యంత్రం పనిచేస్తుండగానే, వాటిని పీడీఎఫ్‌గా భద్రపరచాలి. ముఖ్యమైన పాఠ్యాన్ని మార్పిడి సాధనాలతో యూనికోడ్‌లోకి తెచ్చి, తప్పులు సరిచూసుకోవాలి. డిస్కు తుడిచివేసిన తరువాత ఈ అవకాశం తిరిగి రాదు.

సహాయం ఎవరు చేస్తారు?

సాంకేతిక అర్హతలన్నీ సరిపోయినా ఒక ప్రశ్న మిగులుతుంది. యంత్రం మొరాయించిన రోజున పక్కన ఎవరున్నారు? మరమ్మతు దుకాణాలలో ఎక్కువ పరిచయమున్నది విండోస్‌తోనే. లినక్స్ తెలిసిన కుమారుడో, మనుమరాలో ఫోనులో దారి చెప్పగలిగిన ఇంట్లో పెద్దలు దానిని నిశ్చింతగా వాడుకోవచ్చు. అటువంటివారు లేని ఇంట్లో, యంత్రానికి అర్హత ఉంటే, విండోస్ 11 ఎంచుకోవడం వివేకమే.

మోసగాళ్ళ ఫోన్ కాల్స్ నుంచి ఏ ఆపరేటింగ్ సిస్టం కూడా రక్షించదు. బ్యాంకు సిబ్బందిమని చెప్పి ఓటీపీ అడిగినా, తెరను చూపే యాప్‌ను అమర్చుకోమన్నా నిరాకరించాలి. మోసం జరిగినట్లు తెలిసిన వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ కేంద్రం 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

మార్పుకు ముందు చేయవలసినవి

మొదట ఫొటోలు, పత్రాలు, పాస్‌వర్డ్‌ల వివరాలను బయటి డిస్కులోకి నకలు చేసి, ఆ నకళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో మరో కంప్యూటర్‌లో చూడాలి. తరువాత లినక్స్‌ను 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, డిస్కులో అమర్చకుండానే అక్కడి నుంచి నడిపి చూడవచ్చు. వైఫై, శబ్దం, కెమెరా, ప్రింటర్, తెలుగు కీబోర్డు పనిచేస్తున్నాయో లేదో ఆ దశలోనే తెలుస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపినప్పుడు వేగం కొంత తక్కువగా ఉండడం సహజం. వారం రోజులు ఇంట్లోవారంతా వాడి చూసిన తరువాతే తుది నిర్ణయం తీసుకోవాలి.

పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చితే ఏ వ్యవస్థలోనైనా వేగం స్పష్టంగా పెరుగుతుంది. కొత్త కంప్యూటర్ కంటే చాలా తక్కువ ఖర్చుతో ముగిసే ఈ పని, మందగించిన యంత్రానికి మరికొన్ని సంవత్సరాల ఆయుష్షు ఇస్తుంది. ఇక ఏ విధంగానూ పనికిరాదని తేలిన యంత్రాన్ని చెత్తలో పడవేయకుండా, డిస్కులోని సమాచారాన్ని చెరిపివేసి, అధీకృత ఇ-వ్యర్థాల సేకరణదారుకు అప్పగించాలి.