హైకై: చందనవనంలో వేళాకోళం

హైకు తెలుగువాళ్లకు కొత్త కాదు. కవి ఇస్మాయిల్ గారు రాసి మనకు దగ్గర చేశారు. దాని తల్లివేరు ‘హైకై’. చైనా నుంచి జపాన్ చేరిన ఈ మాటకు అర్థం హాస్యం, వేళాకోళం. 905 ప్రాంతపు ‘కొకిన్‌షూ’ సంకలనంలోనే నవ్వు పద్యాలకు ఈ పేరుతో ఒక విభాగం ఉంది. తర్వాత్తర్వాత, కవులు గుంపుగా కూర్చుని ఒకరి పద్యానికి మరొకరు పద్యం తగిలిస్తూ అల్లే ‘రెంగా’లో సరదా రకానికి ఆ పేరు స్థిరపడింది.

17వ శతాబ్దంలో క్యోటో కవి మత్సునగ తెయితొకు దీనికో గీటు గీశాడు: మర్యాద రెంగా గుమ్మం తొక్కనివ్వని వాడుక మాటలు, చైనా మాటలు పడితేనే అది హైకై. ఆయన శిష్యవర్గం ‘తెయిమోన్’. ‘మోన్’ అంటే ద్వారం, అంటే గురువుగారి గడప. వీళ్లలో శ్లేష పాలెక్కువ, నవ్వు పాలు తక్కువ.

ఆ బిగువు నచ్చని నిషియామ సోయిన్ అనుచరులది ‘దన్‌రిన్’. పేరులోనే ఎకసెక్కం ఉంది చూడండి: చందనవనం అనే అర్థంతో బౌద్ధ భిక్షువుల విద్యాలయాలను పిలిచే మాటను ఈ అల్లరి కవులు తమకు తగిలించుకున్నారు! ఈ బడివాడే అయిన ‘సైకకు’ అనే కవి 1684లో ఒసాకా సుమియోషి ఆలయంలో ఒక పగలూ రాత్రీ కలిపి 23,500 పద్యాలు చెప్పాడంటారు. అంటే నాలుగు సెకన్లు తిరక్కముందే ఒకటి. రాసేవాళ్లు చేతులెత్తేసి, లెక్క మాత్రం పెట్టుకున్నారు.

కవి బషో కూడా ఈ రెండు బడుల మీదుగా నడిచినవాడే. ఇలా అల్లే రెంగా గొలుసులోని తొలి పద్యం ‘హొక్కు’. 19వ శతాబ్దం చివర్లో కవి మసావొక షికి దాన్ని విడదీసి ఒంటరిగా నిలబెట్టాక ‘హైకు’ పేరు స్థిరపడింది. అందులోని ‘హై’ ఈ వేళాకోళమే.