రోబోటిక్ ప్రోస్టేట్ శస్త్రచికిత్స: ప్రాంతీయ మత్తు పద్ధతులు

క్యాన్సర్ సోకిన ప్రోస్టేట్ గ్రంథిని రోబో సాయంతో తొలగించిన తరువాత కలిగే నొప్పిని, ఆ భాగపు నరాలను మాత్రమే తాత్కాలికంగా మొద్దుబార్చి తగ్గించే విధానాలను ప్రాంతీయ మత్తు పద్ధతులు అంటారు. శస్త్రచికిత్స పూర్తి మత్తులోనే జరుగుతుంది. ఇవి దానికి తోడుగా నిలిచి, వాంతులు, మలబద్ధకం కలిగించే ఓపియాయిడ్ అనే బలమైన నొప్పి మందుల అవసరాన్ని తగ్గిస్తాయి.

ఈ నొప్పికి మూలాలు పలు విధాలు: పొట్ట గోడపై పెట్టిన రంధ్రాల గాయాలు, కటి లోపలి కోత, మూత్రమార్గంలో ఉంచిన గొట్టం వల్ల మూత్రాశయంలో కలిగే మంట, బిగింపు. వీటిలో గోడ నొప్పికి వాడే, 2001లో తొలిసారి వర్ణితమైన ట్యాప్ బ్లాక్ అనే పద్ధతిలో, పొట్ట పక్క భాగపు లోపలి రెండు కండర పొరల మధ్యకు నరాలను మొద్దుబార్చే బుపివకైన్ లేదా రోపివకైన్ మందును ఎక్కిస్తారు. నేడు అల్ట్రాసౌండ్ చూస్తూ చేసే ఈ పద్ధతి గోడ నొప్పిని తగ్గించినా, లోపలి అవయవాల నొప్పిని ఆపలేదు. నడుము వద్ద చేసే క్వాడ్రేటస్ లంబోరమ్ బ్లాక్, గాయాల అంచుల్లో నేరుగా ఇచ్చే ఇంజెక్షన్ ఇతర మార్గాలు.

వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోకి స్వల్ప మోతాదులో ఇచ్చే మార్ఫిన్, తానూ ఓపియాయిడే అయినా, లోపలి నొప్పిని కూడా సుమారు ఒక రోజు అణచగలదు; అయితే దురద, వాంతులు, అరుదుగా శ్వాస మందగించడం సంభవిస్తాయి కనుక రోగిని నిశితంగా గమనించాలి. కోతలు చిన్నవి కావడం, రోగి త్వరగా లేచి నడవవలసి ఉండడం వల్ల, వెన్నులో అమర్చిన సన్నని గొట్టం ద్వారా మందు ఇచ్చే ఎపిడ్యూరల్ అవసరం సాధారణంగా రాదు. నరాలను మొద్దుబార్చే మందుల గరిష్ఠ మోతాదును శరీర బరువును బట్టి నిర్ణయించడం, ఏ పద్ధతిలోనైనా పారాసెటమాల్ వంటి మందులను జోడించడం ముఖ్యం.