బురుజు మీది పోరు: నాటకం, నవల, చలనచిత్రం

యుద్ధవర్ణన తెలుగువారికి క్రొత్త కాదు. పల్నాటి కథ, బొబ్బిలి కథ తరతరాలుగా వింటూనే ఉన్నాము. అయితే ఆ కథలలో వీరుడు కత్తి దూసినంతనే శత్రువు కూలును. ముందటి రాత్రి ఊరివారు ఏమి తిన్నారో, పసిబిడ్డలను ఎక్కడ దాచినారో కథకుడు చెప్పడు. తుపాకులు, సైనిక లారీలు, జైళ్ళు గల ఈ కాలపు యుద్ధాన్ని మన కళలు ఎట్లు చిత్రించినవో తెలియవలెనన్న, 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటాన్ని పరికింపవలసి యున్నది.

నిన్న మొన్నటి వరకు వరంగల్లు జిల్లాలో ఉండి, నేడు సిద్దిపేట జిల్లాలో చేరిన గ్రామం బైరాన్‌పల్లి. అచ్చటి బురుజు మీద గ్రామస్థులు రాత్రింబవళ్ళు కావలి కాసినారు. నాటు తుపాకులతో, వడిసెల రాళ్ళతో రజాకార్లను తిప్పికొట్టినారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఫిరంగితో వచ్చి ఊరి మీద పడి, పెక్కుమందిని వరుసగా నిలబెట్టి కాల్చివేసినారు. పోలీసు చర్య ప్రారంభమైనది సెప్టెంబరు 13న. పదిహేడు దినాలు! ఆ ఊరివారికి ఈ లెక్క ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ పోరును మొదట రంగస్థలం ఎక్కించినది సరిహద్దుకు ఆవలివారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో రచించిన ‘మా భూమి’ని ప్రజానాట్యమండలి దళాలు ఆంధ్ర జిల్లాలలో ఊరూరా ఆడినవి. మద్రాసు ప్రభుత్వం నిషేధించినది. నిజాం రాజ్యంలో బహిరంగంగా ఆడు వీలెక్కడిది? యుద్ధం ఎరుగనివారు నాటకం చూచినారు. యుద్ధంలో ఉన్నవారికి చూచు భాగ్యం లేకపోయినది. పైగా పోరు నడుమ వ్రాసినది గనుక దాని ముగింపు రచయితలకే తెలియదు.

చిన్నగూడూరులో జన్మించి, పోరులో స్వయంగా పాల్గొన్న దాశరథి రంగాచార్యులు గారి ‘మోదుగుపూలు’ 1971 నాటిది. ఆయన నవలలలో మమ్ము ఆకట్టుకొన్నది కాల్పుల వర్ణన కాదు, పాత్రల మాట. తుపాకి మ్రోత ఎవరైనను వ్రాయగలరు. ‘నీ బాంచెను’ అని వంగిన మనిషి తన వాడలో ఎట్లు మాట్లాడునో వ్రాయుటకు ఆ వాడలో పెరిగి ఉండవలెను.

గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు గారు నిర్మించిన ‘మా భూమి’ చలనచిత్రం 1980లో విడుదలైనది. పేరొకటే గాని కథ నాటకానిది కాదు, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా అల్లినది. పెక్కుమంది కథకులు 1948 సెప్టెంబరు 17న కలం ఆపుదురు. నిజాం లొంగినాడు, కథ కంచికి! ఈ చిత్రం అచ్చట ఆగలేదు. పారిపోయిన దొర సైన్యం అండతో తిరిగి గడీ చేరును, పంచుకొన్న భూమిని వదలుకొమ్మందురు, రామయ్య కూలిపోవును. 1948 తరువాత ఆయుధం పట్టియుండుట ఒప్పా తప్పా అను వాదం నేటికీ తెగలేదు. పోరు విరమింపబడినది 1951 అక్టోబరులో. ఆ మూడేండ్లను విడిచిన చిత్రణ ఎంత రమ్యమైనను సగము చిత్రణయే.

మేము శబ్దంతో పని చేయువారము. ఫిరంగి మ్రోత కావలెనన్న రేకును బలంగా ఊపిన చాలును. వడిసెల రాయి గాలిని కోసుకొని పోవు సవ్వడికి మాత్రం మాకు ఇంతవరకు ఉపాయం చిక్కలేదు.